చిన్న కారుకు పెద్ద చక్రాలు: పళ్ళ లెక్క తప్పితే మోటారు మాడుతుంది

(మా విలేఖరి)

సిద్దిపేట: కొమురవెల్లి మల్లన్న జాతరకు పిల్లవాణ్ణి తీసుకుపోయి, చక్రాల బొమ్మ కొనకుండా ఇంటికి తిరిగి రావడం ఏ తండ్రి తరమూ కాదు. ఒకప్పుడు తాడు కట్టి లాగే కొయ్య బండి, తరువాత తాళం చెవి తిప్పితే పరుగెత్తే రేకు కారు, ఇప్పుడు చేతిలో పెట్టె పట్టుకుని దూరం నుంచి నడిపే రేడియో కారు. బొమ్మ మారింది గాని పిల్లల కోరిక మారలేదు. బండి ఇంకా వేగంగా పోవాలి, ఎంతటి రాళ్ళ మీది నుంచైనా పోవాలి. ఆ కోరికతో చక్రాలు మార్చి, మోటారు మాడ్చుకుని, తెల్లమొహం వేసినవారిలో ఈ విలేఖరి మేనల్లుడు ఒకడు. అయితే తప్పు వాడిది కాదు. సలహా యిచ్చిన మేనమామది.

రెండు రోజుల ముచ్చట

మా బావ దుబాయిలో ట్రైలరు డ్రైవరు. సెలవు మీద వచ్చినప్పుడు పదో తరగతి చదివే కొడుక్కు ఒక రేడియో కారు తెచ్చాడు. అసలు కారులో పదో వంతు కొలతకు చేసిన బండి అది. బ్యాటరీతో నడుస్తుంది. వూళ్ళో సిమెంటు రోడ్డు మీద అది పరుగెడుతుంటే వాడకట్టు పిల్లలంతా వెంట పడేవారు. బావ తిరిగి వెళ్ళిపోయిన తరువాత కుర్రవాడు దాన్ని చెరువు కట్టకు తీసుకుపోవడం మొదలుపెట్టాడు. అక్కడ వచ్చింది చిక్కు. కట్ట మీది మొరం రాళ్ళు బండి పొట్టకు తగిలి, బండి అడుగడుగునా ఆగిపోయేది.

"పెద్ద గిర్రలు ఏస్తే రాళ్ళ మీదికెల్లి పోతది గద మామా?" అని వాడు అడిగాడు. పోతుందని చెప్పడమే గాక, చక్రాలు తెప్పించింది కూడా ఈ విలేఖరే. కొత్త చక్రాలతో బండి చూడడానికి చిన్న ట్రాక్టరులా వుంది. సిమెంటు రోడ్డు మీద ముందుకంటె వేగంగా పోయింది. రెండు రోజులు సంబరమే సంబరం. మూడవ రోజు కట్ట ఎక్కుతూ ఎక్కుతూ బండి మూలిగింది. కాలిన వాసన వచ్చింది. చేతితో ముట్టుకుంటే మోటారు చుర్రుమన్నది. ఆ తరువాత అది మళ్ళీ కదలలేదు.

"బాపుకు చెప్పకు మామా" అన్నాడు పిల్లవాడు. ప్రతి శుక్రవారం తండ్రి వీడియోలో మాట్లాడినప్పుడల్లా కారు ఎట్లా వున్నదని అడుగుతాడు. మంచిగ వున్నదని వీడు చెబుతాడు. ఆ అబద్ధం ఇంకా ఎన్ని శుక్రవారాలు నడవాలి? బండిని సంచిలో వేసుకుని సిద్దిపేట బయలుదేరాము. బొమ్మల దుకాణంలో కొత్తది కొనుక్కోండి అన్నారు. చివరకు తెలిసిన సైకిలు షాపు మేస్త్రీ ముందు పెట్టాము.

సైకిలు షాపులో పాఠం

మేస్త్రీ బండిని తలకిందులు చేసి, పెద్ద చక్రాన్ని వేలితో తిప్పి, లోపలి గేర్ల వంక ఒక్క నిమిషం చూశాడు. "గిర్రలు పెద్దగ చేసిన్రు, పండ్లు అట్లనే వుంచిన్రు. ఇగ మాడకుంట ఏం జేస్తది సారూ?" అన్నాడు. రేడియో సంగతి ఆయనకు తెలియదు. గేరు సంగతి తెలుసు. అక్కడే నిలబెట్టి వున్న ఒక పాత సైకిలును చూపి లెక్క చెప్పాడు.

ఆ సైకిలుకు పెడలు దగ్గరి చక్రానికి 48 పళ్ళు. వెనక ఫ్రీవీలుకు 18 పళ్ళు. అంటే పెడలు ఒకసారి తిరిగితే వెనక చక్రం 2.67 సార్లు తిరుగుతుంది. 28 అంగుళాల చక్రం అడ్డుకొలత సుమారు 71 సెంటీ మీటర్లు, చుట్టుకొలత సుమారు 2.23 మీటర్లు. కనుక ఒక తొక్కుకు సైకిలు దాదాపు 6 మీటర్లు పోతుంది. ఇప్పుడు 18 పళ్ళ ఫ్రీవీలు తీసి 22 పళ్ళది వేస్తే, ఒక తొక్కుకు 4.9 మీటర్లు మాత్రమే పోతుంది. వేగం తగ్గింది. కాని రెండు పాల క్యాన్లు కట్టుకుని ఎత్తు ఎక్కేవాడికి మోకాళ్ళ నొప్పి కూడా తగ్గింది. దూరం కావాలంటే బలం పెట్టాలి, బలం మిగలాలంటే దూరం వదులుకోవాలి. రెండూ ఒకేసారి ఇచ్చే గేరు లోకంలో లేదు.

చక్రం పెద్దదైనా ఫలితం అదే. ఒక తొక్కుకు పోయే దూరం పెరుగుతుంది, తొక్కేవాడి మీద బరువు పెరుగుతుంది. మనిషి అలిసిపోతే దిగి నడుస్తాడు. మోటారుకు దిగి నడవడం తెలియదు. మాడిపోయేదాకా తొక్కుతూనే వుంటుంది.

బోరు మోటారు కాలిన రైతుకు ఈ సంగతి వేరుగా చెప్పనక్కర లేదు. బండి మోటారు హాయిగా తిరుగుతున్నప్పుడు తనలోనే ఎదురు వోల్టేజి పుట్టించుకుని కరెంటును అదుపులో వుంచుకుంటుంది. బరువు ఎక్కువై తిరగడం నెమ్మదించిన కొద్దీ ఆ ఎదురు తగ్గి, కరెంటు వెల్లువలా వచ్చి పడుతుంది. పూర్తిగా ఆగిపోయి స్విచ్చి మాత్రం నొక్కి వుంటే అది అన్నింటికంటె ప్రమాదం. తీగ మీది పూత కరిగి వైండింగు పోతుంది.

కారు లెక్క ఇది

సైకిలు లెక్కనే కారుకు వేసుకోవచ్చు. మోటారు ఇరుసుకు తగిలించిన చిన్న గేరును పినియన్ అంటారు. అది తిప్పే పెద్ద గేరును స్పర్ గేరు అంటారు. స్పర్ పళ్ళను పినియన్ పళ్ళతో భాగించాలి. ఆ తరువాత పెట్టె లోపల ఇంకో జత గేర్లు వుంటాయి. వాటి నిష్పత్తి ఎంతో బండితో వచ్చిన చిన్న పుస్తకంలో రాసి వుంటుంది. దానితో గుణించాలి. వచ్చిన అంకె, చక్రం ఒక్కసారి తిరగడానికి మోటారు ఎన్నిసార్లు తిరగాలో చెబుతుంది.

మా బండిలో స్పర్ గేరుకు 80 పళ్ళు, పినియన్‌కు 20. భాగిస్తే 4. లోపలి నిష్పత్తి 2.6. గుణిస్తే 10.4. అంటే మోటారు పదిసార్లకు పైగా తిరిగితే గాని చక్రం ఒకసారి తిరగదు.

పాత చక్రం అడ్డుకొలత 85 మిల్లీ మీటర్లు. చుట్టుకొలత 267. దాన్ని 10.4 తో భాగిస్తే, మోటారు ఒక చుట్టుకు బండి 25.7 మిల్లీ మీటర్లు జరుగుతుంది. ఈ ఒక్క అంకెను గుర్తుంచుకుంటే చాలు. మోటారు నిమిషానికి 15 వేల చుట్లు తిరుగుతుందనుకుంటే, బండి వేగం గంటకు సుమారు 23 కిలో మీటర్లు.

కొత్త చక్రం అడ్డుకొలత 115 మిల్లీ మీటర్లు. చుట్టుకొలత 361. గేర్లు మార్చలేదు కనుక, మోటారు ఒక చుట్టుకు బండి 34.7 మిల్లీ మీటర్లు జరగాలి. కాగితం మీద వేగం 31 కిలో మీటర్లకు పెరిగింది. మేము సంబరపడింది ఇందుకే. కాని అదే చేత్తో చక్రం నేలను నెట్టే బలం నాలుగో వంతు పైగా తగ్గింది. కట్ట ఎక్కడానికి కావలసిన బలం మాత్రం తగ్గలేదు. ఆ లోటు పూడ్చడానికి మోటారు 35 శాతం ఎక్కువ కరెంటు లాగవలసి వచ్చింది. వేడి కరెంటుతో సమంగా పెరగదు, దాని వర్గంతో పెరుగుతుంది. 1.35ను 1.35తో గుణిస్తే 1.8 పైన వస్తుంది. అంటే వైండింగులో వేడి దాదాపు రెట్టింపు దగ్గరకు చేరింది. దీనికి తోడు కొత్త చక్రాలు పాతవాటికంటె బరువు. బండి ఆగి కదిలిన ప్రతిసారీ ఆ బరువును తిప్పడం ఇంకో దండగ.

మరి చేయవలసింది ఏమిటి? చక్రం ఎంత పెరిగిందో గేరు నిష్పత్తి కూడా అంత పెంచాలి. 115ను 85తో భాగిస్తే 1.35. 10.4ను దానితో గుణిస్తే సుమారు 14. స్పర్ గేరు 80 పళ్ళదే వుంచి, పినియన్ 20 పళ్ళది తీసి 15 పళ్ళది వేస్తే నిష్పత్తి 13.87 వస్తుంది. అప్పుడు మోటారు ఒక చుట్టుకు బండి 26 మిల్లీ మీటర్లు జరుగుతుంది. పాత లెక్కకు ఇంచుమించు సమానం. బండి వేగం పెరగదు. కాని పొట్ట 15 మిల్లీ మీటర్లు పైకి లేస్తుంది, రాళ్ళు తగలవు, మోటారు చల్లగా వుంటుంది. మాకు కావలసింది మొదటి నుంచీ అదే గదా.

"చిన్న ఇత్తడి గేరు తోటి పోయేదానికి మోటారు మాడవెడితిరి" అని మేస్త్రీ నవ్వాడు. పాఠానికి పైసలు తీసుకోలేదు.

మరీ చిన్నది కూడా పనికిరాదు

అయితే పినియన్ ఎంత చిన్నదైతే అంత మంచిదని అనుకోరాదు. మరీ చిన్నది వేస్తే మోటారు గింగిరాలు తిరుగుతుంది, బండి మాత్రం నత్తలా పోతుంది. చిన్న పినియన్‌కు పళ్ళు తక్కువ కనుక ఒక్కొక్క పన్ను మీద ఎక్కువసార్లు ఒరిపిడి పడి త్వరగా అరుగుతుంది. కనుక ఒకటి రెండు పళ్ళ తేడాతో మార్చుకుంటూ, ప్రతిసారీ వేడి చూసుకుంటూ పోవడమే క్షేమం. కొత్త బండికి కంపెనీ పుస్తకంలో చెప్పిన పినియన్‌తో మొదలుపెట్టాలి. చక్రం పెంచినా, బరువు పెంచినా, గడ్డిలోనో ఇసుకలోనో నడిపినా పళ్ళు తగ్గించాలి. నున్నటి రోడ్డు మీద చిన్న చక్రాలతో నడిపేటప్పుడు మాత్రమే పళ్ళు పెంచే ఆలోచన చేయాలి.

పళ్ళు లెక్కించడంతో పని తీరదు. పళ్ళ సైజు కూడా కలవాలి. ఈ గేర్లలో 32 పిచ్, 48 పిచ్, 64 పిచ్ అని రకాలున్నాయి. అంకె పెరిగిన కొద్దీ పన్ను సన్నబడుతుంది. మిల్లీ మీటరు లెక్కలో 0.6 మాడ్యూల్ వంటివి వేరే వున్నాయి. ఒక రకం పినియన్‌ను ఇంకో రకం స్పర్‌తో కలిపితే పది నిమిషాలలో ప్లాస్టిక్ పళ్ళు రాలిపోతాయి. దుకాణానికి పోయేటప్పుడు పాత పినియన్‌ను జేబులో వేసుకుపోవడం మంచిది.

బిగించేటప్పుడు ఒక చిన్న కిటుకు వున్నది. సన్నని కాగితపు ముక్కను రెండు గేర్ల నడుమ పెట్టి, మోటారును దగ్గరకు జరిపి బిగించాలి. తరువాత గేరు తిప్పి కాగితం తీసివేయాలి. కాగితం మందం సందు మిగులుతుంది. మరీ బిగిస్తే బండి కీచుమంటుంది, వేడెక్కుతుంది. వదులైతే పళ్ళు జారి విరుగుతాయి.

ఏ నేలకు ఏ చక్రం

మన జిల్లాలో నేల ఒక్క తీరుగా లేదు. సిమెంటు రోడ్లున్నాయి, ఎర్ర చెలకలున్నాయి, నల్లరేగడి వున్నది, మొరం పోసిన చెరువు కట్టలున్నాయి. అన్నింటికీ ఒకే చక్రం నడవదు.

సిమెంటు, తారు రోడ్ల మీద నడిచే పదో వంతు కొలత కార్లకు 62 నుంచి 65 మిల్లీ మీటర్ల అడ్డుకొలత గల చిన్న చక్రాలు సరిపోతాయి. టైరు మెత్తగా, నునుపుగా వుండాలి. బండి నేలకు దగ్గరగా వుంటుంది కనుక మలుపులో బోల్తా పడదు. ఎర్ర చెలకకు, ఆటస్థలాల మట్టికి 85 మిల్లీ మీటర్ల ప్రాంతపు చక్రం, దాని మీద ముళ్ళలాంటి బుడిపెలు వుంటే పట్టు దొరుకుతుంది. మొరం, గుండ్రాళ్ళు దాటాలంటే 100 నుంచి 120 మిల్లీ మీటర్ల చక్రాలు కావాలి. అక్కడ వేగం ఆశించరాదు. ఎద్దుబండికి అంత పెద్ద చక్రాలు ఎందుకు పెట్టారో ఆలోచిస్తే సంగతి అర్థమవుతుంది. పెద్ద చక్రం గుంతలో పూర్తిగా దిగబడదు. చిన్న చక్రానికి ఆ గుంతే గోడ.

నల్లరేగడి వానాకాలం చక్రానికి అంటుకుని ముద్దలు కడుతుంది. చక్రం బరువు చూస్తుండగానే పెరుగుతుంది. ఎండాకాలం పర్రెలు బారుతుంది. రెండు కాలాలలోనూ ఈ బండ్లకు అది మంచి నేల కాదు. చెలక దుమ్ము మరొక శత్రువు. సన్నని ఇసుక గేర్ల మధ్యకు పోతే ఆకురాయిలా పనిచేస్తుంది. గేర్ల పైమూత లేకుండా మట్టిలో నడపరాదు. ఆట అయిపోగానే పాత కుంచెతో దులిపి పెట్టాలి.

పెద్ద చక్రంతో బండి ఎత్తు పెరుగుతుంది. ఎత్తు పెరిగితే మలుపులో పడే గుణం పెరుగుతుంది. గడ్డి మోపుల బండిని మలుపు తిప్పేవాడు ఎంత నెమ్మదిగా తిప్పుతాడో ఇక్కడ కూడా అంతే.

నాలుగు చక్రాలకూ మోటారు బలం అందే బండి అయితే ముందు చక్రాలొక సైజు, వెనక చక్రాలొక సైజు వేయరాదు. ఫోర్ వీల్ డ్రైవ్ ట్రాక్టరుకు ముందు చక్రాలు చిన్నవే గదా అని కొందరనవచ్చు. ట్రాక్టరులో ఆ తేడాకు సరిపడా ముందు ఇరుసు గేర్లు వేరుగా పెట్టి వుంటాయి. అందుకే దానికి కూడా టైర్లు మార్చేటప్పుడు ఇష్టం వచ్చిన సైజు వేయడానికి లేదు. చిన్న కారులో ముందు, వెనక గేర్లు సమానమైతే, చక్రాలు కూడా సమానంగానే వుండాలి. లేకుంటే ముందు చక్రాలు ఒకవైపు, వెనక చక్రాలు ఒకవైపు గుంజుకుని గేర్లు పగులుతాయి.

బ్యాటరీ మార్చినా లెక్క మారుతుంది

పాత రకం బండ్లలో కార్బన్ బ్రష్షులున్న 540 సైజు మోటారు ఎక్కువగా వస్తుంది. 540 అనేది మోటారు డబ్బా సైజు తెలిపే అంకె. ట్రాక్టరు వెనక పీటీవో తిరిగే 540 చుట్లకు దీనితో ఏ సంబంధమూ లేదు. ఇప్పుడు బ్రష్షులు లేని మోటార్లు వాడుకలోకి వచ్చాయి. వాటి మీద 3300 కేవీ వంటి అంకె వుంటుంది. ఒక్కొక్క వోల్టుకు బరువు లేనప్పుడు మోటారు ఎన్ని చుట్లు తిరుగుతుందో అది తెలుపుతుంది. రెండు సెల్లుల లిథియం పాలిమర్ బ్యాటరీ 7.4 వోల్టులు. 3300ను దానితో గుణిస్తే నిమిషానికి 24 వేల పైచిలుకు చుట్లు. మూడు సెల్లులది పెడితే 11.1 వోల్టులు, 36 వేల పైచిలుకు చుట్లు. వేగం ఒకటిన్నర రెట్లయింది. కనుక బ్యాటరీ పెంచినవారు పినియన్ తగ్గించక తప్పదు. మోటారు, దాన్ని నడిపే కంట్రోలరు ఆ వోల్టేజికి తగినవేనా అని ముందే చూసుకోవాలి.

వేడి చూడడం అన్నింటికంటె ముఖ్యం. కొత్త గేరు వేసిన తరువాత మూడు నిమిషాలు నడిపి ఆపి, మోటారును పరీక్షించాలి. 80 డిగ్రీల సెల్సియస్ దాటనీయరాదు. 2020లో కరోనా కాలంలో కొన్న నుదుటి థర్మామీటరు దీనికి పనికిరాదు. అది మనిషి జ్వరం కొలవడానికి చేసినది. మోటార్లకు వాడే రకం వేరుగా దొరుకుతుంది. అది లేనివారు జాగ్రత్తగా వేలు ఆనించి చూడవచ్చు. రెండు మూడు సెకండ్లు వుంచలేకపోతే ఆట ఆపి, పినియన్ ఒకటి రెండు పళ్ళు తగ్గించాలి. మన మే నెల ఎండలో నీడలోనే 40 డిగ్రీలు దాటుతుంది. మోటారు అక్కడి నుంచే మొదలవుతుందని మరువరాదు.

నూట ఇరవై యేళ్ళు దాటిన విద్య

తీగ లేకుండా బండి నడపడం నిన్న మొన్నటి విద్య కాదు. 1898లో నికోలా టెస్లా న్యూయార్కులోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో రేడియో తరంగాలతో చిన్న పడవను నడిపి చూపాడు. బొమ్మ కార్ల విషయానికి వస్తే, 1960ల మధ్య ఇటలీలో రేడియో కారు అమ్మకానికి వచ్చింది. 1976లో జపానుకు చెందిన తమియా కంపెనీ పోర్షె 934 నమూనాను రేడియో కారుగా విడుదల చేసింది. విడి భాగాలుగా కొని, ఇంట్లో బిగించుకునే కార్లకు ఆ తరువాత ప్రపంచమంతటా గిరాకీ పెరిగింది. తన బండి గేరు తానే మార్చుకునే అలవాటు ఆ బిగింపు నుంచే వచ్చింది.

మన దేశంలో 2.4 గిగాహెర్ట్‌జ్ తరంగాలపై తక్కువ శక్తితో నడిచే పరికరాలకు విడిగా లైసెన్సు అక్కర లేదని 2005లో కేంద్ర ప్రభుత్వం నోటిఫికేషను ఇచ్చింది. ఇప్పటి కార్ల రిమోట్లు ఎక్కువగా ఆ తరంగాల మీదనే నడుస్తాయి. ఒకరి రిమోటుకు ఇంకొకరి బండి కదిలే పాత తలనొప్పి కూడా ఈ కొత్త రిమోట్లతో తగ్గింది.

కొనేవారు తెలుసుకోవలసిన సంగతి మరొకటి వున్నది. 14 యేళ్ళ లోపు పిల్లల కోసం అమ్మే బొమ్మలకు 2021 జనవరి 1 నుంచి ఐ.ఎస్.ఐ. గుర్తు తప్పనిసరి అయింది. బొమ్మల మీద దిగుమతి సుంకాన్ని 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచారు. కనుక కారు కొనేముందే, దానికి పినియన్, స్పర్ గేరు, మోటారు విడిగా దొరుకుతాయా అని అడగాలి. గేరు మార్చే వీలులేని బండిని ఎంత చవకగా ఇచ్చినా, ఒక పన్ను విరిగితే అటక మీదికే.

బ్యాటరీతో జాగ్రత్త

లిథియం పాలిమర్ బ్యాటరీతో ఆటలాడరాదు. దానికి తగిన బ్యాలెన్సు చార్జరుతోనే చార్జి చేయాలి. చార్జింగు పెట్టి నిద్రపోరాదు. వుబ్బిన బ్యాటరీని, దెబ్బ తగిలిన బ్యాటరీని వాడరాదు. పరుపు మీద, గడ్డివాము దగ్గర, ఎండలో నిలిపిన కారులో పెట్టరాదు. కొన్ని వారాలు ఆడనప్పుడు నిండుగా గాని, పూర్తిగా ఖాళీగా గాని వుంచక, ఒక్కొక్క సెల్లు 3.8 వోల్టుల దగ్గర దాచాలి. పిల్లలు చార్జింగు పెట్టేటప్పుడు ఇంటి పెద్దలు దగ్గర వుండడం అవసరం.

ఇక నడిపే చోటు. గంటకు 30 కిలో మీటర్ల వేగంతో వచ్చే రెండు కిలోల బండి కాలికి తగిలితే అది బొమ్మ అనిపించదు. కోమటిచెరువు కట్ట మీద సాయంకాలం ముసలివారు, పసిపిల్లలు నడుస్తుంటారు. అటువంటి చోట నడపరాదు. రాజీవ్ రహదారి వంక అసలే చూడరాదు.

శుక్రవారం నాడు

మేస్త్రీ చెప్పిన లెక్క కాగితం మీద రాసుకుని, 2023 అక్టోబరులో మన వూరికి వచ్చిన రైలెక్కి మామా అల్లుళ్ళము సికింద్రాబాదు పోయాము. పాత పినియన్ కుర్రవాడి జేబులో వున్నది. అదే రకంలో 15 పళ్ళది, కొత్త మోటారు ఒకటి తెచ్చాము. కాగితం ముక్క పెట్టి గేర్లు బిగించింది వాడే. కట్ట మీద మూడు నిమిషాలు నడిపి, వేలు పెట్టి చూశాడు. వెచ్చగా వున్నది, కాలడం లేదు. ఇంకో మూడు నిమిషాలు నడిపాడు. బండి ముందటి మాదిరి దూసుకుపోలేదు. నిదానంగా, ఒక్కొక్క రాయినీ ఎక్కి దిగుతూ కట్ట ఈ చివర నుంచి ఆ చివరకు పోయింది.

ఆ శుక్రవారం తండ్రి అడగకముందే వాడు మొత్తం చెప్పాడు. మోటారు మాడింది, నీకు అబద్ధం చెప్పిన, ఇప్పుడు బాగు చేసిన అని. అటువైపు కొంతసేపు మాట లేదు. తరువాత బావ, "లోడు బండిని టాపు గేర్ల లేపుతర్రా ఎవలన్న? నన్నడిగితే చెప్పకపోదునా?" అన్నాడు. కోపం లేదు ఆ మాటలో. పదిహేనేళ్ళుగా ఎడారి రోడ్ల మీద గేర్లు మార్చినవాడు ఆయన. కొడుక్కు చెప్పగలిగిన పాఠం ఒకటి తన దగ్గర వున్నదని ఆయనకూ అప్పుడే తోచినట్టుంది. ఆ రోజు తండ్రీ కొడుకులు గంటసేపు గేర్ల సంగతే మాట్లాడుకున్నారు.

గేరు నిష్పత్తి, చుట్టుకొలత, కరెంటు వేడి అన్నీ మన పిల్లల పాఠ్యపుస్తకాలలో వేర్వేరు చోట్ల వున్నవే. ఒక చిన్న బండిలో అవి మూడూ ఒకచోట కలుస్తాయి. అటల్ టింకరింగ్ ల్యాబులున్న పాఠశాలల్లో త్రీడీ ప్రింటర్లు వున్నాయి. పిల్లల చేత రెండు మూడు రకాల గేర్లు చేయించి, ఒకే బండిని వేర్వేరు పళ్ళతో నడిపి చూపితే ఈ లెక్క జన్మలో మరువరు. అలాగే సెలవు రోజులలో ఆటస్థలంలో ఒక మూల ఈ బండ్లకు కేటాయిస్తే, పిల్లలు రోడ్ల మీదికి రారు. సంబంధిత అధికారులు, ఉపాధ్యాయులు ఈ విషయమై ఆలోచించవలసి వున్నది.